బండి వేడెక్కుతోంది, ఇంజన్ విప్పమంటున్నారు

మిర్యాలగూడ నుంచి ఒక ప్రైవేటు స్కూలు టీచరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇదీ.

సెప్టెంబరులో తోడల్లుడి దగ్గర, అంటే భార్య అక్క భర్త దగ్గర, 2013 మోడల్ చిన్న పెట్రోలు కారు కొన్నారు. 1000 సీసీ, 3 సిలిండర్లు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. 2 లక్షల 20 వేలు ఇచ్చారు. అందులో 50 వేలు అత్తగారు సర్దారు. అక్టోబరులో హైదరాబాద్ వెళ్తే ఎల్.బి.నగర్ ట్రాఫిక్‌లో టెంపరేచర్ సూది ‘హెచ్’ దాకా పోయింది. పక్కన ఆపడానికి చోటు దొరక్క ఐదారు కిలోమీటర్లు అలాగే నడిపారు. ఊళ్లో మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) పీకేసి, ‘మన ఎండలకి ఇది అక్కర్లేదు సార్’ అని బోరు నీళ్లు పోసి పంపాడు. అప్పట్నుంచి మైలేజీ 17 నుంచి 12కి పడింది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. హైవే మీద సూది సగానికి కూడా రాదు, ఊళ్లోకి వచ్చి సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం ఎక్కుతుంది. ఏసీ నడుస్తుంటే చల్లగా, ఆగితే వేడిగా వస్తోంది. వారానికి అరలీటరు దాకా నీళ్లు తగ్గుతున్నాయి, కింద మాత్రం తడి కనిపించదు. రెండో మెకానిక్ ఆయిల్ మూత తిప్పి, లోపల తెల్లటి పేస్టు చూపించి, ‘హెడ్ గాస్కెట్ పోయింది, ఫుల్ ఇంజన్ వర్క్ చేయాలి, 48 వేలు’ అన్నాడు. హెడ్ గాస్కెట్ అంటే ఇంజన్ పై భాగమైన హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య గ్యాసు, నీళ్లు, ఆయిల్ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపే పలచటి పట్టీ. ఈయన జీతం 24 వేలు. తోడల్లుడు తెలిసే అంటగట్టాడని ఈయన కోపం. ‘బావగారిని అడిగితే అక్క ముందు నా మొహం ఎలా చెల్లుతుంది’ అని ఈయన భార్య బాధ. ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ కాయితం) ఇంకా తోడల్లుడి పేరు మీదే ఉంది. ఇంజన్ చేయించాలా, వచ్చిన రేటుకి అమ్మేయాలా, ఆయన్ను నిలదీయాలా అని ప్రశ్న.

మాస్టారూ, బండి సంగతి తేలితే డబ్బు సంగతి, తోడల్లుడి సంగతి సగం తేలతాయి. కాబట్టి బండితోనే మొదలుపెడదాం.

ఆ 48 వేలు ఇప్పుడే ఇవ్వకండి. మీరు రాసిన లక్షణాల్లో గాస్కెట్ ఒక్కదాన్నే పట్టిచ్చేది ఏదీ లేదు. అలాగని గాస్కెట్ బాగుందని నేను హామీ ఇవ్వడం లేదు. ఐదారు కిలోమీటర్లు సూది ‘హెచ్’ మీద నడిచిన బండికి ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. కానీ మీకు చూపించిన రుజువు చాలదు.

ఆ తెల్ల పేస్టు సంగతి చూడండి. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది ఎగిరిపోతుంది. మీరు రోజూ స్కూలుకి నడిపేది 3 కిలోమీటర్లు, అదీ చలికాలం పొద్దున, అదీ థర్మోస్టాట్ లేకుండా. ఆ దూరంలో ఇంజన్ వేడెక్కదు. ఆవిరి పోయి అన్నిటికంటే చల్లగా ఉండే చోట, అంటే మూత కింద, ఆయిల్‌తో కలిసి వెన్నలా పేరుకుంటుంది. గాస్కెట్ పోయి కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లార్చే ద్రవం, ఆయిల్‌లోకి దిగితే పేస్టు మూతకే ఉండిపోదు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ కూడా పాలు కలిపిన కాఫీలా మారుతుంది, ఆయిల్ మట్టం పెరుగుతుంది. మీ డిప్‌స్టిక్ ఆయిల్ నల్లగా, మామూలుగానే ఉందని మీరే రాశారు. ఆ మాట ఉత్తరంలో చివర్న, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు గానీ అన్నిటికంటే విలువైనది అదే.

మైలేజీ పడిపోవడం కూడా ఆ థర్మోస్టాట్ చలవే. ఇంజన్ బాగా వేడెక్కితేనే కంప్యూటర్ పెట్రోలు తగ్గిస్తుంది. చల్లగా ఉన్నంతసేపూ చోక్ వేసిన పాత బండిలాగా ఎక్కువ పోస్తూనే ఉంటుంది. చెక్ ఇంజన్ లైటుని ఇద్దరు మెకానిక్కుల్లో ఎవరూ స్కాన్ చేయలేదంటున్నారు. పి0128 అనే కోడ్ రావచ్చని నా అంచనా. ఇంజన్ ఉండాల్సిన వేడికి చేరడం లేదని దాని అర్థం. మన ఎండలకి థర్మోస్టాట్ అక్కర్లేదనే మాట ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది, అది తప్పు. కొన్ని ఇంజన్లలో అది తీసేస్తే బైపాస్ దారి మూసుకోక, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగి ఇంజన్‌లోకి వస్తుంది. అప్పుడు చల్లదనం కోసం చేసిన పనే వేడికి కారణమవుతుంది.

అసలు జబ్బు ఎక్కడుందో మీ ఏసీ చెబుతోంది. నడుస్తుంటే చల్లగా, ఆగితే వేడిగా వస్తోందంటే ముందున్న ఫ్యాన్ తిరగడం లేదని నూటికి తొంభై పాళ్లు. బండి కదులుతున్నప్పుడు గాలి దానంతటదే రేడియేటర్‌కీ, దాని ముందున్న ఏసీ కండెన్సర్‌కీ తగులుతుంది. ఆగితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. హైవే మీద బాగుండి ట్రాఫిక్‌లో వేడెక్కితే ఫ్యాన్‌ని అనుమానించాలి. ఊళ్లో బాగుండి హైవే మీద వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోయిందనో వాటర్ పంప్ బలహీనపడిందనో అనుకోవాలి. మీది మొదటి రకం.

మరి నీళ్లు ఎటు పోతున్నాయి? రేడియేటర్ మూత ఉత్త మూత కాదు, ప్రెషర్ వాల్వ్. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అది బార్ లెక్క. మూత 1 బార్ ప్రెషర్ అదనంగా నిలిపితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు, సుమారు 120 దాకా ఆగుతాయి. మూత రబ్బరు గట్టిపడి ప్రెషర్ నిలవకపోతే, ఫ్యాన్ తిరగని ట్రాఫిక్‌లో నీళ్లు మరిగి రిజర్వ్ డబ్బాలోకి తన్నుకొచ్చి, అక్కణ్నుంచి రోడ్డు మీద పడి ఆరిపోతాయి. ఇంటి దగ్గర తడి కనిపించదు. మీ లక్షణాలన్నిటికీ ఫ్యాన్, మూత, లేని థర్మోస్టాట్, ఈ మూడూ సరిపోతాయి. గాస్కెట్ కూడా పోయి ఉండవచ్చు. అది పరీక్షతోనే తేలాలి.

ఫ్యాన్ పరీక్ష మీరే చేయవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ ఫుల్లుగా పెట్టండి. కొన్ని సెకన్లలో ముందు ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే బానెట్ కింద ఫ్యూజ్ బాక్స్ మూత తీయండి, ఏ ఫ్యూజ్ ఎక్కడుందో దాని లోపలి వైపే బొమ్మ ఉంటుంది. ఫ్యాన్ ఫ్యూజ్ బాగుంటే రిలే (ఫ్యాన్‌కి కరెంటు వదిలే చిన్న స్విచ్ డబ్బా) చూడండి. అదే నంబరున్న ఇంకో రిలేని, కొన్ని బళ్లలో హారన్‌ది సరిపోతుంది, దాని చోట పెట్టి చూడండి. అదీ కాకపోతే ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్‌తో ఫ్యాన్ కనెక్టర్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూస్తాడు. వోల్టేజీ వచ్చినా తిరగకపోతే మోటార్ బ్రష్‌లు అరిగినట్టే. ఇంజన్ ఆపి, కర్రతో మోటార్ మీద చిన్నగా కొట్టి, మళ్లీ స్టార్ట్ చేస్తే తిరిగిందా, అప్పుడు ఇక సందేహమే అక్కర్లేదు. కనెక్టర్ కరిగి నల్లబడిందేమో కూడా చూడమనండి. అది వదిలేసి కొత్త మోటార్ వేస్తే అదీ కాలిపోతుంది. ఈ పనులన్నిట్లో చేతులు ఫ్యాన్‌కి దూరంగా ఉంచండి, కొన్ని బళ్లలో తాళం తీశాక కూడా అది ఉన్నట్టుండి తిరుగుతుంది. తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా డైరెక్ట్ వైరు లాగుతామని ఎవరైనా అంటే, ఆ పూటకి ఇంటికి చేరడానికి ఒప్పుకోండి, అంతకు మించి వద్దు.

తర్వాత గాస్కెట్ సంగతి. పొద్దున్నే, రాత్రంతా చల్లారిన బండికి మాత్రమే రేడియేటర్ మూత తీయండి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. నీళ్లు మెడ దాకా నింపి, మూత పెట్టకుండా స్టార్ట్ చేసి చూడండి. మొదట్లో నాలుగు బుడగలు రావడం మామూలే, లోపల చిక్కిన గాలి అది. రెండు మూడు నిమిషాలైనా ఆగకుండా వస్తుంటే, రేస్ ఇచ్చినప్పుడల్లా ఎక్కువవుతుంటే సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తోందని అనుమానించాలి. ఇంకో రోజు పొద్దున మూత పెట్టి స్టార్ట్ చేసి, ఒక నిమిషం ఆగి పై హోస్ పైపు నొక్కి చూడండి. ఇంకా చల్లగా ఉండగానే రాయిలా గట్టిపడితే అదీ అదే గుర్తు.

ఇవి ఇంటి పరీక్షలు. తీర్పు ఇవ్వదగ్గది నీలం మందు పరీక్ష. రబ్బరు బంతి ఉన్న గాజు గొట్టంలో నీలం ద్రవం పోసి, రేడియేటర్ మెడ మీద పెట్టి, ఇంజన్ నడుస్తుండగా లోపలి గాలిని ఆ ద్రవంలోంచి లాగుతారు. పొగలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం కాస్తా పసుపు అవుతుంది. నీళ్లు గొట్టంలోకి రాకుండా ముందు రెండు మూడు అంగుళాలు తగ్గించాలి, లేకపోతే పరీక్ష పాడవుతుంది. మీ ఊళ్లో లేకపోతే నల్గొండలోనో సూర్యాపేటలోనో కొంచెం పెద్ద షెడ్డు చూసుకోండి. అదే చోట కూలింగ్ సిస్టమ్‌కి పంపుతో మూత మీది అంకె ఎంతో అంత ప్రెషర్ ఎక్కించి 15 నిమిషాలు ఉంచమనండి. పంపు గేజీ ముల్లు దిగితే లీకు ఉన్నట్టు. అప్పుడు వాటర్ పంప్ కింది చిన్న రంధ్రం, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు, హోస్ క్లిప్పుల దగ్గర ఎండిన మరకలు, డ్యాష్‌బోర్డు కింద కార్పెట్ తడి, ఇవన్నీ చూడాలి. చివరగా 3 స్పార్క్ ప్లగ్గులూ తీసి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి, కొలిపించండి. రెండు ప్లగ్గులు గోధుమ రంగులో ఉండి ఒకటి కడిగినట్టు మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తున్నాయి. కంప్రెషన్ ఏ సిలిండర్‌లో ఎంత వచ్చిందన్న దానికంటే మూడింటి మధ్య తేడా ముఖ్యం. అది 10-15 శాతం దాటకూడదు. ఈ మొత్తానికి మహా అయితే రెండు వేలు అవుతుంది.

పరీక్షల్లో గాస్కెట్ బాగుందని తేలితే పని చిన్నది. ఫ్యాన్ మోటార్‌కి 2 నుంచి 4 వేలు. కొత్త మూతకి రెండు మూడు వందలు, పాతదాని మీదున్న అంకే ఉండాలి. థర్మోస్టాట్ వెయ్యి లోపు. కూలెంట్, కూలీ కలిపి రెండు వేల పైన. మొత్తం 5 నుంచి 8 వేల మధ్య తెమలాలి. థర్మోస్టాట్ కొన్నాక బిగించేలోపు గిన్నెలో నీళ్లు కాచి, దారంతో వేలాడదీసి చూడమనండి. దాని మీద 82 అనో 88 అనో ముద్ర ఉంటుంది, ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. బిగించేటప్పుడు చిన్న గాలి వాల్వ్ పైకి ఉండాలి.

కూలెంట్ దగ్గర మాత్రం తొందర పడకండి, మీ బండికి అసలు అన్యాయం జరిగింది అక్కడే. మీ వైపు బోరు నీళ్లు ఎలాంటివో మీకు తెలియంది కాదు. బకెట్‌కి పట్టే తెల్ల పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. అల్యూమినియం హెడ్డుని తుప్పు తింటుంది. చల్లారిన ఇంజన్‌లోంచి ఉన్న నీళ్లన్నీ దింపి, డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, చల్లార్చి మళ్లీ దింపాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా, రెండు మూడుసార్లు. బ్యాటరీ షాపులో 5 లీటర్ల క్యాన్లు దొరుకుతాయి. చివర్లో సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. ఈ సైజు కార్లకి మొత్తం సుమారు 4 లీటర్లు పడుతుంది. రెడీమిక్స్ కొంటే నీళ్లు కలపకండి. ఆకుపచ్చా ఎరుపా అన్న రంగుని బట్టి కొనకండి, బండి మాన్యువల్‌లో రాసినది కొనండి. నింపాక గాలి తీయాలి. పై హోస్‌ని నొక్కుతూ, బుడగలు ఆగాక మూత పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నిలబెట్టి నడపాలి. దాన్ని వదిలేసిన బండి మర్నాడే మళ్లీ వేడెక్కి, అనవసరంగా గాస్కెట్ మీద నింద పడుతుంది. లీకు ఆపే పౌడర్లు, యాసిడ్ కడుగుళ్లు రెండూ వద్దు. మొదటిది హీటర్‌నీ రేడియేటర్‌నీ పూడుస్తుంది, రెండోది అల్యూమినియాన్ని తింటుంది.

ద్రవం పసుపుకి మారితే గాస్కెట్ పని తప్పదు, కానీ అప్పుడు కూడా 48 వేల పని కాదు. హెడ్డు దించి, స్టీలు స్కేలు పెట్టి ఫీలర్ గేజీతో మీ ఎదురుగా కొలవమనండి. మామూలుగా 0.05 మిల్లీమీటరు దాటి వంగితే లేత్ వర్క్స్‌లో ఫేసింగ్ (చదును) చేయించాలి, పగుళ్లకి ప్రెషర్ టెస్టు కూడా చేయించాలి. హెడ్డు బోల్టులు చాలా ఇంజన్లలో ఒకసారి బిగిస్తే సాగిపోయేవి, కొత్తవి వేయాలి. ఇదంతా 15-20 వేలల్లో అయ్యే పని. పిస్టన్లు, రింగులు, బోరు పని ఎప్పుడు? ఆయిల్ కాలుతూ నీలం పొగ వస్తుంటే, లేదా వేడికి సిలిండర్ గోడల మీద గీతలు పడితే. హెడ్డు దింపాక గోడలు కంటికే కనిపిస్తాయి, గీతలుంటే చూపించమనండి. లేకపోతే ఆ పని ఒప్పుకోకండి. సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేస్తామనే మాట కూడా రావచ్చు. ఇంజన్ నంబరు మారితే ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించాలి. ఆర్‌సీయే మీ పేరు మీద లేని బండికి అది ఇంకో తలనొప్పి.

ఉన్నదున్నట్టు అమ్మేయడం మూడో దారి. వేడెక్కే బండి అని చెప్పి అమ్మితే రేటులో చాలా కోత పడుతుంది, బహుశా రిపేరు ఖర్చు కంటే ఎక్కువే. చెప్పకుండా అమ్మితే, ఇవాళ మీ తోడల్లుడి మీద మీకున్న కోపమే రేపు ఇంకొకరికి మీ మీద ఉంటుంది. ఆరేడు వేలతో తేలే అవకాశం ఉన్నప్పుడు పరీక్షకి ముందే అమ్మడం నష్టం.

ఇక ఆయన తెలిసే అంటగట్టాడా? మీ ఉత్తరంలో అటు చెప్పేదీ ఇటు చెప్పేదీ లేదు. ఫ్యాన్ మోటార్ బ్రష్‌లు ఒక్కరోజులో పోతాయి, సెప్టెంబరులో బాగా తిరిగి అక్టోబరులో ఆగి ఉండవచ్చు. రేడియేటర్‌లో ముందునుంచే తుప్పు నీళ్లుంటే అది ఆయన నిర్లక్ష్యం, కానీ ఆ సాక్ష్యం మొదటి మెకానిక్ దింపేసిన నీళ్లతో పోయింది. హెడ్డుకి దెబ్బ తగిలిందని తేలితే, అందులో ‘హెచ్’ మీద మీరు నడిపిన ఆ కిలోమీటర్ల వాటా ఎంతో ఎవరూ కొలవలేరు. అది మీరు ముందే ఒప్పుకుని మాట్లాడితే అవతలి మాట మెత్తబడుతుంది.

అందుకే నిలదీయకండి, అడగండి. ‘అన్నయ్యా, బండి చూపిస్తున్నాను, కూలెంట్ చివరిసారి ఎప్పుడు మార్చారు, ఫ్యాన్ ఎప్పుడైనా రిపేరుకొచ్చిందా, మీ దగ్గరున్నప్పుడు ఎప్పుడైనా వేడెక్కిందా?’ అంతే. ఈ జవాబులు మెకానిక్‌కి నిజంగానే పనికొస్తాయి. ఈ ఫోను మీరే చేయండి, మీ ఆవిడ చేత చేయించకండి. ఆవిడ భయం అక్క గురించి, బండి గురించి కాదు. ఫోను ముందు ఆవిడకి చెప్పి చేయండి. ఫలితం చిన్న పనైతే డబ్బు అడగకుండా వదిలేయడమే నా సలహా, పదేళ్లు దాటిన బండి కొన్నవాళ్లకి ఆ ఖర్చు మామూలే. గాస్కెట్ అని తేలితే సగం పంచుకోమని అడగడంలో తప్పులేదు. ఆయన కాదంటే డబ్బు వసూలు చేసే దారి మీకు దాదాపు లేదు, ఎందుకంటే రాతపూర్వకంగా ఏమీ లేదు. బండి తిరిగి ఇచ్చేస్తానంటే అందులో అత్తగారి 50 వేలు కూడా ఉన్నాయి కనుక మాట ముగ్గురి మధ్య నడుస్తుంది, అది మీ ఆవిడ ఒప్పుకుంటేనే.

ఏ దారి పట్టినా ఆర్‌సీని ఇలా గాలిలో ఉంచకండి. ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి, మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవారిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది, అంటే రిస్కు ఎక్కువగా మీ తోడల్లుడిది. ఆ మాట చెబితే ఆయనే పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలకి తొందరపడతారు. ఇన్సూరెన్సు కూడా మీ పేరుకి మార్పించుకోండి, లేకపోతే మీ బండికి జరిగే నష్టానికి క్లెయిమ్ ఇబ్బంది. బండి తిరిగి ఇచ్చే ఆలోచనే ఉంటే పరీక్షలు ఈ వారంలో ముగించి, సంతకాల ముందే తేల్చుకోండి.

ఈలోగా హైదరాబాద్ ప్రయాణం పెట్టుకోకండి. స్కూలుకి నడపవచ్చు, పొద్దున చల్లగా ఉన్నప్పుడే నీళ్లు చూసుకుని. సూది సగం దాటితే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ వేడి మీద, బ్లోయర్ ఫుల్ స్పీడు మీద పెట్టండి, ఉక్కపోసినా సరే, కొంత వేడి అటు పోతుంది. హీటర్‌లోంచి చల్లటి గాలి వస్తే నీళ్లు అయిపోయాయని అర్థం, అక్కడికక్కడే ఇంజన్ ఆపేయండి. ఆపాక ముప్పావు గంట మూత ముట్టుకోకండి, వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోయకండి. ఈసారి చోటు దొరక్కపోతే హజార్డ్ లైట్లు వేసి రోడ్డు మధ్యలోనే ఆపండి, వెనకవాళ్లు హారన్లు కొడితే కొట్టనివ్వండి.